సుగుణమ్మ ఎత్తించిన సీటు

మొన్న ఆదివారం పొద్దున కాజీపేట దగ్గర పోలీసులు మా ఆటోను ఆపేశారు. డ్రైవర్ ఇంకా తిట్టుకుంటుండగానే ఎదురుగా సైకిళ్ల మంద వచ్చింది. నెత్తిన గుల్లల్లాంటి టోపీలు, ఒంటికి అతుక్కుపోయిన తడి బట్టలు, పేరు కూడా పలకడం రాని సైకిళ్లు. మలుపు రాగానే అందరూ ఒక్కసారి తొక్కడం ఆపారు. అప్పుడు వచ్చింది ఆ సప్పుడు. వెనక చక్రాల్లోని వంద ఫ్రీవీళ్లు ఒకేసారి టికటికమంటూ తిరిగిన సప్పుడు, ఎండిన కందికాయలు మూటగట్టి ఊపినట్టు. నా వీపు దానంతట అదే నిటారుగా అయింది. డెబ్బై దగ్గర పడ్డ వీపు అట్లా మాట వినడం ఈ మధ్య అరుదు.

“తాతా, దీన్ని ట్రయథ్లాన్ అంటరు,” అన్నాడు డ్రైవర్, అద్దంలో నన్ను చూస్తూ. “చెరువుల ఈత కొట్టాలె, సైకిల్ తొక్కాలె, మల్ల ఉరకాలె. మీ కాలంల గివన్ని ఏడియి!”

“ఉండె. నేను పోయిన.”

“సైకిళ్ల కావలికా?” అని నవ్వాడు.

సుగుణమ్మ బతికి ఉంటే ఆటో దిగి, వాడి చెవి పట్టుకుని సమాధానం చెప్పేది. నాకు అంత ఓపిక లేదు. చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను. నేను పెద్ద చదువరిని కాను. ముప్పై ఏళ్ల వయసులో అక్షరాలు దిద్దినవాడిని. వాక్యం మొరటుగా ఉంటే సర్దుకోండి.

సుగుణమ్మకు వరంగల్ స్టేషన్ రోడ్డులో కిరాయి సైకిళ్ల కొట్టు ఉండేది. డెబ్బైల నడుమ నేను ఆ కొట్టులో పనికి చేరేనాటికి ఆమెకు నలభై దాటాయి. భర్త రైల్వేలో పనిచేస్తూ చనిపోయాడు. కొట్టు అమ్మేసి కుట్టుమిషన్ కొనుక్కొమ్మని చుట్టాలు చెప్పారట. “సూది నా కండ్లకు ఆనది, పానా చేతికి ఆనుతది” అని ఈమె పానా పట్టుకుని కొట్టులోనే కూర్చుంది. చీర కొంగు నడుముకు దోపి, చిన్న పీట మీద కూర్చుని, సైకిల్ చక్రాన్ని తిప్పి చెవి ఆనించి వినేది. లోపల గోళీ అరిగిందో, గ్రీజు ఎండిందో, ఆ సప్పుడును బట్టి చెప్పేది. తప్పు పోయేది కాదు. ఆదివారం మధ్యాహ్నం దాకా కొట్టు తెరిచేది కాదు. చర్చి నుంచి తెల్ల చీరలో నేరుగా వచ్చి, ఇల్లు రెండు గల్లీల అవతలే ఉన్నా చీర మార్చుకోకుండా పంచర్ వేసి, సాయంత్రం ఆ మరకలు చూసుకుని తనను తానే తిట్టుకునేది. ప్రతి ఆదివారం ఇదే తంతు. నోరు మాత్రం మంచిది కాదు. కిరాయికి తీసుకున్నవాడు వెనక ఇద్దరిని ఎక్కించుకుంటే “నీకు సైకిలెందుకు, ఎడ్లబండి కట్టుకో పో” అని దింపేసేది. కాలేజీ పిల్లలు ఆమెకు భయపడేవారు. నేనూ భయపడేవాడిని. ఇది రాస్తుంటే ఇప్పటికీ నెత్తిన మొట్టికాయ పడుతుందేమోనని ఉంది.

నాది రఘునాథపల్లికి ఇవతల, హైదరాబాద్ రోడ్డుకు ఆనుకుని ఉన్న ఊరు. పేరు మల్లయ్య. మా బాపు సాయిలు ఆ ఊరి దొర దగ్గర వెట్టి చేసేవాడు. వెట్టి అంటే పని ఉంటుంది, కూలి ఉండదు. దొర ఉండే గడి, అంటే కోటలాంటి ఇల్లు, సరిగ్గా రోడ్డు పక్కనే. దాని ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు చేతిలోకి రావాలి, భుజం మీది తువ్వాల చంకలోకి పోవాలి, సైకిల్ ఉన్నవాడు దిగి నడిపించుకుంటూ పోవాలి. ఇది ఎవరూ నాకు నేర్పలేదు. నడక ఎట్లా వచ్చిందో అట్లాగే వచ్చింది.

పనిలో చేరిన వారానికే సుగుణమ్మ నన్ను పట్టుకుంది. బాగుచేసిన సైకిల్‌ను ఒకరి ఇంట్లో అప్పజెప్పి రమ్మంటే తొక్కుకుంటూ బయలుదేరాను. ఆమె ఏదో సామాను కోసం అదే దారిన రిక్షాలో వస్తోంది. ఎదురుగా తెల్ల ధోవతి కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన వస్తుంటే నేను దిగి, తల వంచి, ఆయన దాటిపోయాక మళ్లీ ఎక్కాను. ఇంకో వంద గజాలు పోయాక ఇంకొకాయన. మళ్లీ దిగాను. రిక్షా వచ్చి నా పక్కన ఆగింది.

“ఏం రా మల్లిగా, చైను పడ్తాందా?”

“లేదు పెద్దమ్మా.”

“మరెందుకు దిగుతాన్నవ్ రా, కోడి గింజలేరినట్టు గడియకోసారి?”

“పెద్దమనుషులు ఎదురొస్తాన్రు.”

“ఆయన నిన్ను దిగమన్నడా?”

“అనలె.”

“ఆయనెవరో నీకెర్కేనా?”

“ఎర్కలేదు.”

ఆమె రిక్షాలోంచే నా వైపు వంగింది. “పంచరైతే దిగు. ఎదురుంగ బర్రె వస్తే దిగు. మనిషి బట్ట జూసి దిగితె మాత్రం మల్ల నా కొట్టుకు రాకు.”

పట్నంలో ఆ అలవాటు మెల్లగా పోయింది. పోయిందనే అనుకున్నాను. ఒక్క గుర్తు మాత్రం మిగిలింది, అది నాకు తెలియదు, ఆమెకు తెలుసు. నేను నా కోసం బిగించుకునే సైకిల్‌కు సీటు ఎప్పుడూ కిందికే ఉండేది. మడమ పెడల్ మీద పెడితే కాలు నిటారుగా చాచుకునేంత ఎత్తు ఉండాలి సీటు, అప్పుడే తొడలోని బలమంతా చక్రానికి పోతుంది. ఇది ఆమె లెక్క. నేను రెండు వేళ్లు దించుకునేవాడిని, కూర్చున్నచోటు నుంచే పాదం నేలకు ఆనాలని. “ఊర్ల నుంచి వచ్చినోళ్లంత గింతే,” అని ఆమె గొణిగేది. “ఎక్కకముందే దిగుడు ఆలోచిస్తరు.” ఎత్తి బిగించేది. నేను ఆమె లేనప్పుడు దించుకునేవాడిని. తొమ్మిదేళ్లు మా మధ్య ఇదే యుద్ధం.

ఎనభైల నడుమ ఒక చలికాలం ముందు స్టేషన్ గోడ మీద పెద్ద కాగితం అంటించారు. ఊరి పెద్దలూ కాలేజీల వాళ్లూ కొందరు వ్యాపారులూ కమిటీగా చేరి పెడుతున్న పోటీ. కాజీపేట దగ్గరి చెరువులో ఈత, తర్వాత సైకిల్, చివర పది కిలోమీటర్ల పరుగు, మూడూ ఒకదాని వెంట ఒకటి, నడుమ ఆగకుండా. హైదరాబాద్ నుంచి, చుట్టుపక్క జిల్లాల నుంచి మూడు వందల మంది దాకా వస్తారట. సుగుణమ్మ ఆ కాగితాన్ని నిలబడి రెండుసార్లు చదివింది. కొట్టుకు వచ్చి, పంపు కొడుతున్న నన్ను కింది నుంచి పై దాకా ఎద్దును చూసినట్టు చూసింది.

“మల్లిగా, నీకు ఈత వచ్చు గదా?”

“బాయిల నేర్సుకున్న.”

“సైకిల్ వచ్చు. ఉరుకుడు వచ్చు. నిరుడు దొంగ ఆ హెర్క్యులస్ సైకిల్ ఎత్కపోతె రైలు గేటు దాక ఉరికి పట్టినవ్.”

“పెద్దమ్మా, గది సిపాయిలు, కాలేజోళ్లు చేసేది. సదువుకున్నోళ్ల పని.”

“చెరువు సర్టిఫికెట్ అడుగుతదా?”

పేరు రాయించడానికి ఆమే తీసుకుపోయింది. బల్ల వెనక కూర్చున్నాయన కాగితం తోసి సంతకం పెట్టమన్నాడు. నేను బొటనవేలు ఇంకు డబ్బా వైపు పెట్టాను. ఆయన పక్కవాడిని చూసి నవ్వి, “వేలిముద్రగాళ్లు గూడ ట్రయథ్లాన్ కొడతరా?” అన్నాడు. సుగుణమ్మ బల్ల మీద రెండు చేతులూ పెట్టింది. ఆ చేతులకు అప్పుడు కూడా గ్రీజు ఉంది. “సారూ, నువ్వు సంతకం పెట్టొస్తది గదా. నువ్వే దుంకు చెరువుల, మేం ఒడ్డు మీద నిలబడి చూస్తం.” ఆయన ఇంకు డబ్బా నా వైపు జరిపాడు. బయటికి వచ్చాక నేను మురిసిపోతూ ఆమె వైపు చూశాను. ఆమె ముఖం గంటు పెట్టుకుని ఉంది. “నవ్వకు. ఆయన అన్నది తప్పయినా నీ వేలికి ఇంకు అంటింది నిజమే,” అంది.

రెండు నెలలు తయారుచేసింది. ఆమె దగ్గర గడియారం లేదు. రైళ్లే గడియారం. పొద్దుటి ప్యాసింజర్ కదలగానే నేను తొర్రూరు రోడ్డు పట్టాలి, వెనక క్యారియర్‌కు రెండు పాత లారీ టైర్ ముక్కలు కట్టి ఉంటాయి, బొగ్గు గూడ్సు వచ్చేలోపు కొట్టు ముందు ఉండాలి. గూడ్సు ముందొస్తే ఆ పూట తిట్లు, నేను ముందొస్తే తినడానికి సర్వపిండి. గూడ్సు ఆలస్యమైన రోజు కూడా సర్వపిండి ఇచ్చేది, కానీ “ఇది రైలోళ్ల పుణ్యం, నీది కాదు” అని చెప్పి మరీ ఇచ్చేది. ఆమెకు నీళ్లంటే భయం. నేను చెరువులో ఈదుతుంటే ఒడ్డున చెరువుకు వీపు తిప్పి నిలబడి, “ఉన్నవా?” అని అరుస్తూ ఉండేది. “ఉన్న!” అని నేను అరవాలి. నోట్లో నీళ్లు పోతున్నా అరవాలి.

పోటీకి పది రోజులుందనగా సైకిల్ పందెం దారి చెప్పారు. కాజీపేట నుంచి హైదరాబాద్ రోడ్డు మీద ఇరవై అయిదు కిలోమీటర్లు పోయి, అక్కడ డ్రమ్ము చుట్టూ తిరిగి, అదే దారిన వెనక్కి రావాలి. ఆ డ్రమ్ము పెట్టేది మా ఊరు దాటాక అర కిలోమీటరు అవతల. అంటే గడి ముందు నుంచి ఒకసారి పోవాలి, ఒకసారి రావాలి.

నేను పోనన్నాను. కారణం చెప్పమంది. చెప్పలేదు. రెండు రోజులు మాట్లాడలేదు ఆమె నాతో. మూడో రోజు చక్రం వంకర తీస్తూ, తల ఎత్తకుండా, “చెప్తవా, నేనే మీ ఊరికి పోయి అడిగి రానా?” అంది. అప్పుడు చెప్పాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పనిది.

నాకు ఆరేళ్లప్పుడు బాపు మా మేనమామ సైకిల్ అడిగి తీసుకుని తొక్కడం నేర్చుకున్నాడు. ఎక్కడం వచ్చింది, తొక్కడం వచ్చింది, దిగడం ఇంకా సరిగ్గా రాలేదు. పడిపోతేనో, ఎవరైనా పట్టుకుంటేనో ఆగేవాడు. ఒకరోజు రోడ్డెక్కి వస్తూ వస్తూ గడి ముందుకు వచ్చేశాడు. దిగడం రాక అట్లాగే పోయాడు. దొర అరుగు మీదే ఉన్నాడు. దొర మనుషులు బాపును పట్టుకుని, ఆ సైకిల్‌ను నెత్తిన పెట్టి, ఊరి చుట్టూ మూడు చుట్లు తిప్పించారు. పిల్లలందరూ వెనక నవ్వుతూ ఉరికారు. నేనూ ఉరికాను. బాపు ఏదో ఆట ఆడుతున్నాడనుకున్నాను. నవ్వాను కూడా. మూడో చుట్టులో ఆయన నా వైపు చూశాడు. ఆ తర్వాత బాపు సైకిల్ ముట్టుకోలేదు.

సుగుణమ్మ చేతిలో చక్రం ఆగింది. “ఇరవై కిలోలుంటది సైకిల్,” అంది. మళ్లీ, “మూడు సుట్లు,” అంది. తర్వాత చక్రాన్ని మళ్లీ తిప్పింది.

“దొర ఉన్నడా ఇప్పుడు?”

“లేడు. ఊరు తిరగబడ్డంక హైదరాబాద్ పోయిండు. నాలుగేండ్లాయె. గడికి తాళమే.”

“అయితె ఇంకేంది? ఆ తొవ్వనే పోతవ్. ఎక్కి పోతవ్, ఎక్కి వస్తవ్. మీ బాపు సూస్తడు.”

పోటీ రోజు పొద్దున చెరువు మీద మంచు ఉంది. మూడు వందల మంది ఒకేసారి దూకితే చెరువంతా బర్రెలు దిగినట్టయింది. ఎవడి మోచెయ్యో నా దవడకు తగిలింది. బావిలో ఈత నేర్చినవాడికి ఒక పిచ్చి ఉంటుంది, నాలుగు బారలు వేయగానే గోడ కోసం చూస్తాడు. చెరువులో గోడ రాదు. చెయ్యి చాచిన ప్రతిసారీ ఏమీ తగలకపోతే గుండె జారేది. ఒడ్డు మీద “ఉన్నవా?” అన్న అరుపు వినబడదా అని చెవి పెట్టాను. ఆమె అక్కడ లేదు. డ్రమ్ము దగ్గర ఉంటానని పొద్దున్నే లారీ ఎక్కి పోయింది. ఎట్లాగో ఒడ్డు పట్టాను. నా ముందు ఒక అరవై మంది ఉంటారు.

సైకిల్ ఎక్కాక నేను నేనయ్యాను. తడి చెడ్డీ మీదే, ఉత్త కాళ్లతో. రోడ్డంతా నాకు తెలుసు, ఎక్కడ ఎత్తు ఉందో, ఎక్కడ తారు లేచిందో, ఎక్కడ గాలి ఎదురు కొడుతుందో. ఒక్కొక్కరినే దాటాను. గేర్ల సైకిల్ ఉన్న హైదరాబాద్ కాలేజీ కుర్రాడొకడు నా నల్ల సైకిల్‌ను చూసి “అన్నా, పాలు ఎక్కడ పోస్తున్నావ్?” అన్నాడు. “మీ ఇంట్లనే,” అని దాటిపోయాను. లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను. నలభై. ముప్పై. పదిహేను. మా ఊరి పొలిమేరకు వచ్చేసరికి నా ముందు పదకొండు మంది మాత్రమే.

రోడ్డుకు రెండు వైపులా ఊరు ఊరంతా నిలబడి ఉంది. నా పేరు పిలుస్తున్నారు. గడి కనబడింది. పెద్ద దర్వాజా, దానికి తాళం, తాళం మీద తుప్పు. అరుగు మీద ఎవరూ లేరు. ఎక్కే ఉంటాను, ఎక్కే ఉంటాను అని నోటితోనే అనుకుంటున్నాను. ఆ మాట అంటుండగానే నా కుడికాలు సీటు మీదుగా వచ్చి నేలకు ఆనింది.

నేను దిగాను. తల వంచి, హ్యాండిల్ పట్టుకుని, ఆ గోడ పొడుగునా నడిచాను. ఎవరూ దిగమనలేదు. పిలుపులు ఆగిపోయాయి. ఊరంతా నన్ను చూస్తోంది. పక్క నుంచి సైకిళ్లు సర్రుసర్రున పోతున్నాయి. గోడ చివర బాపు నిలబడి ఉన్నాడు. ఆయన తువ్వాల చంకలోనే ఉంది. ఆయన నా ముఖం చూడలేదు, నేనూ ఆయన ముఖం చూడలేదు. గోడ అయిపోయాక ఎక్కి తొక్కాను. కళ్ల ముందు రోడ్డు మసకగా ఉంది.

డ్రమ్ము దగ్గర సుగుణమ్మ నిలబడి ఉంది. ఆమెకు గడి కనబడదు, అడ్డం వంపు ఉంది. కానీ నా ముందు పోయినవాళ్లను లెక్కపెట్టింది, నా ముఖం చూసింది, తర్వాత సీటు వైపు చూసింది. ఆ పొద్దున చీకట్లో, ఆమె లారీ ఎక్కిపోయాక, నేను దాన్ని రెండు వేళ్లు దించుకున్నాను. ఎందుకు దించానో నన్ను నేను అడగలేదు.

“దిగినవా?”

తల ఊపాను.

“సీటు దించినవా?”

తల ఊపాను. తిట్టు కోసం చూశాను. అది రాలేదు. ఆమె చెంగు నుంచి పానా తీసింది. కమిటీ మనిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు. “అమ్మా, అమ్మా, బయటోళ్లు సైకిల్ ముట్టొద్దు! రూలు!”

“ముట్టిననా సారూ? నేనేమన్న ముట్టుకుంటున్ననా?” అంటూనే ఆమె చెయ్యి వదిలింది. పానా నా కాళ్ల ముందు పడింది. “చెయ్యి జారింది. వాని ముందట పడ్డది. ఇగ వాని ఇష్టం.”

నాకు ఆ బోల్టు ఇప్పటికీ గుర్తుంది. వంగి, పానా పట్టి, విప్పి, సీటును పైకి లాగాను. నాతోపాటు వచ్చినవాళ్లు డ్రమ్ము చుట్టూ తిరిగి పోతున్నారు. ఒకడు, ఇద్దరు, అయిదుగురు.

“ఇంక జర,” అంది ఆమె.

ఇంకొంచెం లాగాను. బిగించాను. ఎక్కి కూర్చుంటే కాలి బొటనవేలు కూడా నేలకు అందలేదు. నిజం చెప్పాలంటే భయం వేసింది. ఆ ఎత్తు నుంచి దిగాలంటే దూకాలి, లేదా పడాలి. పానా ఆమె కాళ్ల ముందు పారేసి తొక్కాను. ఆమె శుభం పలకలేదు, ధైర్యం చెప్పలేదు.

రెండోసారి గడి కుడి వైపున వచ్చింది. దర్వాజా వైపు చూడను అనుకున్నాను. చూశాను. తాళం వైపు చూస్తూనే తొక్కాను. నా కుడికాలు మళ్లీ ఒకసారి లేవబోయింది, అబద్ధం చెప్పను. దానికి నేల అందదని తెలిసి పెడల్ మీదనే ఉండిపోయింది. అంతే. వీరత్వం ఏమీ లేదు. రెండు వేళ్ల ఎత్తు. గోడ పొడుగు ఎంతో నడిచినప్పుడు తెలిసింది, తొక్కినప్పుడు మూడు ఊపిరులంత కూడా లేదు.

గోడ చివర బాపు ఉన్నాడు. ఈసారి నా ముఖమే చూస్తున్నాడు. నేను దగ్గరికి రాగానే ఆయన రోడ్డు మీదికి ఒక అడుగు వేసి, ఆ గడి ముందు తన జీవితంలో ఎన్నడూ ఎత్తని గొంతు ఎత్తి అరిచాడు.

“జల్ది తొక్కు రా! వెనుకోడు వస్తాండు!”

వెనకవాడు నిజంగానే వస్తున్నాడు. నేను తొక్కాను. ఊరు మళ్లీ అరవడం మొదలుపెట్టింది. ఆ అరుపు పొలిమేర దాకా నా వెంట వచ్చింది.

పరుగు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఉత్త కాళ్లతో పది కిలోమీటర్లు, తారు వేడెక్కింది, కడుపులో నొప్పి లేచింది, కొందరిని దాటాను, కొందరు నన్ను దాటారు. పందొమ్మిదోవాడిగా వచ్చాను. మొదటి ముగ్గురికి కప్పులు, గీత దాటిన అందరికీ కాగితం. నేను ఆ గోడ పొడుగునా నడవకపోయినా, ఆ బోల్టు దగ్గర వంగకపోయినా ఎన్నోవాడినయ్యేవాడినో సుగుణమ్మ ఎప్పుడూ లెక్కగట్టలేదు. వేరేవాళ్లు లెక్కగడుతుంటే ఆపేది. “నడిచింది గూడ వాడే, తొక్కింది గూడ వాడే. రెండు కలిస్తెనే పందొమ్మిది,” అనేది.

ఆ సాయంత్రం లారీ దిగి వచ్చి, నా కాగితం తీసుకుని చూసింది. “ఇందుల నీ పేరు ఎక్కడున్నదో చూపెట్టు.” నేను ఒకచోట వేలు పెట్టాను. “అది ఊరి పేరు,” అంది. మర్నాటి నుంచి సైకిల్ నంబర్లు రాసుకునే పలక మీద ఒక మూల నాకు అక్షరాలు పెట్టింది. పంచర్‌కు పూసిన జిగురు ఆరేలోపు ఒక అక్షరం దిద్దాలి. పేరు రాయడానికి నెల పట్టింది, వార్తాపత్రిక చదవడానికి ఏడాదిన్నర. కాళ్లు నేర్చినంత తొందరగా చేతులు నేర్వలేదు. ఆమె తిట్టని రోజు లేదు, మానేద్దామన్న రోజూ లేదు.

పోటీ అయిన వారానికి బాపు కొట్టుకు వచ్చాడు. నేను పట్నం వచ్చాక ఆయన అక్కడికి రావడం అదే మొదటిసారి. చెప్పులు బయట విప్పి, గడప దగ్గరే నిలబడ్డాడు.

“చెప్పులు తొడుక్కో సాయిలన్నా,” అంది సుగుణమ్మ. “ఈడ మేకులుంటయ్.”

బాపు తొడుక్కున్నాడు. నా వైపు చూడకుండా ఆమెతోనే అన్నాడు. “ఒక సైకిల్ కావాలె అక్కా. కిరాయికి.”

“ఎంతసేపటికి?”

“ఊరికి పోయి రేపొస్త.”

“తొక్కొస్తదా?”

“తొక్కుడు వచ్చు.” కొంచెం ఆగి, “దిగుడే అప్పుడు సరిగ రాకపోయె,” అన్నాడు.

నేను తల వంచుకున్నాను. సుగుణమ్మ నవ్వింది. బాపు కూడా నవ్వాడు. ఆ సంగతి మీద ఆయన నవ్వడం నేను చూడగలనని ఎన్నడూ అనుకోలేదు. ఆమె ఆయనను బయటికి తీసుకుపోయి, బ్రేకు ఎట్లా పట్టాలో, కాలు ఎట్లా తిప్పి దిగాలో, పది నిమిషాలు చూపించింది. ఆయన కాలు కొలిచి సీటు బిగించింది. బాపు రెండుసార్లు రిక్షాల మీదికి పోయాడు, మూడోసారి రోడ్డు పట్టాడు. ధోవతి చైనులో పడకుండా మోకాళ్ల దాకా ఎగగట్టుకుని, వంకరటింకరగా, స్టేషన్ మలుపు దాటిపోయాడు. యాభై ఏళ్ల మనిషి.

ఆయన గడి ముందు నుంచి పోవడం నేను చూడలేదు. రెండు రోజుల తర్వాత మా ఊరి మనిషి ఒకాయన ట్యూబ్ కొనడానికి వచ్చి చెప్పాడు. “మీ బాపు ఏం చేసిండో తెల్సా మల్లన్నా? గడి ఈ కొస నుంచి ఆ కొస దాక బెల్లు కొట్టుకుంటనే పోయిండు. ఎదురుంగ మనిషి లేడు, కుక్క లేదు. ఎవలికి కొట్టిండో ఏమో!”

ఆ మాట సుగుణమ్మకు చెప్పాను. ఆమె చేతిలో చక్రం ఉంది. “బెల్లు మోగిందటనా?” అంది. “దాని మూత వదులైంది. మోగదేమోననుకున్న.” చక్రం తిప్పింది. చెవి ఆనించలేదు. ఊరికే తిప్పుతూ కూర్చుంది, చాలాసేపు.

ఎనభైలు ముగుస్తుండగా ఆమె పోయింది. పోయే ముందు వారం కూడా దవాఖానలో మంచం మీద నుంచి, కొట్టులో ఏ సైకిల్‌కు ఏ రోగమో చెబుతూనే ఉంది. ఆమె నాకు ఏం ఇచ్చిందని పిల్లలు అడుగుతారు. నన్ను మెచ్చుకున్న గుర్తు ఒక్కటి కూడా లేదు. ఆమె ఇచ్చింది మెప్పు కాదు. నేను చేయగలిగిన పనిని నా ముందు పారేసి, నేనే వంగి తీసుకునేదాకా ఆగే ఓపిక ఇచ్చింది. నా పిల్లలకు, నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లకు నేను అంతకంటే మంచిది ఏదీ ఇవ్వలేకపోయాను. కొన్నిసార్లు అదీ ఇవ్వలేక నేనే చేసి పెట్టాను. అప్పుడు తప్పు చేశానని తెలుసు.

ఆ పోటీలో ఎన్నోవాడివని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతారు. మా మనవరాలు వాళ్ల బడిలో నా గురించి చెప్పాల్సి వచ్చి, “తాతా, మొదటి పదిమందిలో అని చెప్పనా?” అంది. వద్దన్నాను. పందొమ్మిది అని చెప్పు, గట్టిగా చెప్పు అన్నాను. నేనూ అట్లాగే చెబుతాను, ఎవరి ముందైనా, నిలబడి, గొంతు దించకుండా.